డ్యూటీ పిస్టల్‌కు మార్పులు చేయించి ప్రాక్టికల్ షూటింగ్‌లో దిగొచ్చా?

అనంతపురం జిల్లా నుంచి ఒక ఎస్సై గారు అడిగిన ప్రశ్న ఇది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన 9 ఎంఎం పిస్టల్‌తో ఫైరింగ్‌లో ఆయనకు మంచి స్కోరే వస్తోందట. డల్లాస్‌లో ఉన్న వాళ్ల బావమరిది ప్రాక్టికల్ షూటింగ్ పోటీలకు, అంటే టైమర్ పెట్టి, కదులుతూ కొట్టే పోటీలకు పోతూ వీడియోలు పంపుతుంటాడట. అతని పిస్టల్‌కు ట్రిగ్గర్ తేలిక, సైట్లు వేరు, మ్యాగజైన్ దూర్చే చోట గరాటు లాంటి అమరిక. "నా పిస్టల్‌కూ ఇలా చేయించుకోవచ్చా? చేయిస్తే స్కోరు పెరుగుతుందా? ముందు ఏది చేయించాలి? ఎప్పుడైనా అక్కడికి వెళ్తే నేనూ దిగొచ్చా?" అని ఆయన అడుగుతున్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ నడుముకున్న పిస్టల్ ప్రభుత్వానిది. దానికి ఒక్క స్క్రూ కూడా మార్పించొద్దు. ఇక సొంత పిస్టల్ ఉన్నవాళ్ల సంగతి అంటారా, ఈ ఆటలో మార్పులు చేయిస్తే మొదట మారేది స్కోరు కాదు, మీరు ఎవరితో పోటీ పడాలన్నది. సర్వీస్ పిస్టల్‌కు నిజంగా పనికొచ్చే మార్పులు రెండో మూడో ఉంటాయి. మిగతా డబ్బు తూటాలకు పెట్టుకోవడం మేలు.

నేను కర్నూలులో ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్)గా రిటైరయ్యాను. అంతకుముందు చాలా ఏళ్లు ఆర్మరర్ పని (ఆయుధాల రిపేరు), బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు దాచే గది) బాధ్యత, పోటీలకు వెళ్లే కుర్రాళ్ల కోచింగ్ చూశాను. ఈ ప్రాక్టికల్ షూటింగ్‌ను నడిపే అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్సీ. దాని రూల్ బుక్ అప్పటి నుంచే అలవాటు. మా వాళ్లకు డ్రిల్స్ పెట్టి, మార్కులు ఆ పద్ధతిలోనే వేసేవాణ్ణి. ఎందుకంటే నిలబడి తీరిగ్గా కొట్టినప్పుడు బయటపడని లోపాలు టైమర్ పెట్టగానే బయటపడతాయి.

ఈ ఆట పుట్టిందే సర్వీస్ పిస్టల్‌తో

1950ల్లో కాలిఫోర్నియాలో జెఫ్ కూపర్ అనే మాజీ మెరైన్ అధికారి, ఆయన చుట్టూ ఉన్నవాళ్లు పెట్టుకున్న పోటీల్లోంచి ఇది పెరిగింది. నడుముకు పెట్టుకునే మామూలు పిస్టల్‌తో, నిజంగా అవసరం పడినప్పుడు ఎవరు వేగంగా, గురిగా కొట్టగలరో తేల్చుకోవడమే వాళ్ల ఉద్దేశం. 1976లో మిస్సోరీలోని కొలంబియాలో ఐపీఎస్సీ ఏర్పడింది, కూపరే మొదటి అధ్యక్షుడు. గురి, శక్తి, వేగం ఈ మూడూ కలిసిందే మార్కు అని అప్పుడు పెట్టుకున్న సూత్రం ఇప్పటికీ నడుస్తోంది.

పోటీ ముదిరే కొద్దీ పిస్టళ్లూ మారిపోయాయి. బ్యారెల్ మూతికి ఎగిరిపాటు తగ్గించే కాంపెన్సేటర్లు, తర్వాత ఎర్ర చుక్కతో గురి చూపించే రెడ్ డాట్ సైట్లు, పెద్ద మ్యాగజైన్లు వచ్చాయి. మామూలు పిస్టల్ పట్టుకుని వచ్చినవాడికి చోటు లేకుండా పోయింది. అందుకే 2000 ప్రాంతంలో ప్రొడక్షన్ డివిజన్ అనే విభాగం పెట్టి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలో ఉన్న పిస్టళ్లను మళ్లీ లోపలికి తెచ్చారు. మీ బావమరిది పిస్టల్ ఏ డివిజన్‌లో ఆడుతోందో అడగండి. వీడియో చూసి ఆశపడే ముందు తెలుసుకోవాల్సింది అదే.

ప్రొడక్షన్‌లో ఐపీఎస్సీ ఆమోదించిన జాబితాలో ఉన్న పిస్టల్ మాత్రమే వాడాలి. బ్యారెల్ 127 మిల్లీమీటర్లు దాటకూడదు. మొదలుపెట్టేటప్పుడు మ్యాగజైన్‌లో 15 తూటాలే ఉండాలి. ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బరువు మొదటి దెబ్బకు కనీసం 2.27 కిలోలు, లేదా ప్రతి దెబ్బకూ కనీసం 1.36 కిలోలు ఉండాలి. దీన్ని బరువు కట్టి చూస్తారు. ఇనుప సైట్లు మార్చుకోవచ్చు, గ్రిప్ టేప్ వేసుకోవచ్చు. గరాటు, కాంపెన్సేటర్, రెడ్ డాట్ కుదరవు. హోల్‌స్టర్ తుంటి ఎముక ముందు భాగానికి వెనకగానే ఉండాలి. రెడ్ డాట్ కావాలంటే ప్రొడక్షన్ ఆప్టిక్స్ అని వేరే డివిజన్ ఉంది.

స్టాండర్డ్ డివిజన్‌లో స్వేచ్ఛ ఎక్కువ. గరాటు పెట్టుకోవచ్చు, ట్రిగ్గర్ మార్చుకోవచ్చు. కానీ మ్యాగజైన్‌తో సహా పిస్టల్ మొత్తం 225, 150, 45 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ఇక్కడా రెడ్ డాట్, కాంపెన్సేటర్ ఉండవు. ఓపెన్ డివిజన్‌లో దాదాపు అన్నీ ఒప్పుకుంటారు. మీ పిస్టల్ మీరు రాయించుకున్న డివిజన్‌కు తగ్గట్టు లేదని పరీక్షలో తేలితే నేరుగా ఓపెన్‌లోకి మారుస్తారు. రెండు స్ప్రింగులు మార్చుకున్న పాపానికి కాంపెన్సేటర్లు, రెడ్ డాట్లు ఉన్నవాళ్లతో తలపడాల్సి వస్తుందన్న మాట.

మన 9 ఎంఎం పిస్టల్ ఎక్కడ పడుతుంది?

మన పోలీసుల దగ్గర ఎక్కువగా కనిపించే 'పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ' ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. అసలు రూపం బ్రౌనింగ్ హై పవర్. బ్రౌనింగ్ మొదలుపెట్టిన డిజైన్‌ను ఆయన పోయాక బెల్జియంలో సేవ్ అనే ఇంజినీరు పూర్తి చేశారు, 1935లో సైన్యానికి వెళ్లింది. 13 తూటాల మ్యాగజైన్, సింగిల్ యాక్షన్ ట్రిగ్గర్, అంటే హామర్ ముందే ఎత్తి ఉంటేనే ట్రిగ్గర్ నొక్కితే పేలేది.

చిక్కంతా ఆ సింగిల్ యాక్షన్ దగ్గరే. ప్రొడక్షన్ డివిజన్‌లో సింగిల్ యాక్షన్ మాత్రమే ఉన్న పిస్టళ్లను రానివ్వరు. క్లాసిక్ డివిజన్ 1911 అనే పాత అమెరికా సైనిక పిస్టల్ తరహావాటి కోసం. కాబట్టి మీ పిస్టల్ ఏ మార్పూ లేకుండా, ఫ్యాక్టరీలో తయారైనట్టే ఉన్నా, ఐపీఎస్సీలో పడేది స్టాండర్డ్ డివిజన్‌లో. అక్కడ ఎదురుగా ఉండేవాళ్ల చేతిలో పాయింట్ 40 క్యాలిబర్ పోటీ పిస్టళ్లు ఉంటాయి.

దానితో వచ్చే నష్టం ఎంతో లెక్క కట్టి చూద్దాం. తూటా బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని రెంటినీ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టర్. 124 గ్రెయిన్ల తూటా 1050 అడుగుల వేగంతో పోతే 130.2 వస్తుంది. 125 దాటితే మైనర్ అనే కింది తరగతి. స్టాండర్డ్‌లో 170 దాటితే మేజర్ అనే పై తరగతి, కానీ దానికి కనీసం పాయింట్ 40 క్యాలిబర్ ఉండాలి. అంటే 9 ఎంఎంతో స్టాండర్డ్‌లో మీరు ఎప్పటికీ మైనరే. టార్గెట్ మధ్యలో ఉండే 'ఏ' (A) జోన్‌కు ఇద్దరికీ 5 మార్కులు. 'సీ' (C) జోన్‌కు మేజర్‌కు 4, మైనర్‌కు 3. 'డీ' (D) జోన్‌కు మేజర్‌కు 2, మైనర్‌కు 1.

12 తూటాల స్టేజి (పోటీలో ఒక అంకం) అనుకోండి. ఇద్దరూ 8 ఏలు, 4 సీలు కొట్టారు. మేజర్‌కు 56 మార్కులు, మీకు 52. ఇద్దరూ 8 సెకన్లలో ముగిస్తే మార్కులను సమయంతో భాగించాలి. దీన్నే హిట్ ఫ్యాక్టర్ అంటారు. అతనికి 7, మీకు 6.5. అతన్ని అందుకోవాలంటే అదే గురితో మీరు 7.43 సెకన్లలో ముగించాలి. అదే మీరు పన్నెండూ 'ఏ' జోన్‌లో కొడితే 60 మార్కులు, 8 సెకన్లకు 7.5. అతన్ని దాటేస్తారు. టార్గెట్ తప్పితే మాత్రం ఆ దెబ్బకు మార్కు రాకపోగా 10 కోత పడుతుంది.

ట్రిగ్గర్ పని చేయించడం వల్ల వేగం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. మైనర్ కొట్టేవాడికి అసలు కావాల్సింది 'ఏ' జోన్ దెబ్బలు, అవి వచ్చేది గ్రిప్ నుంచి, సైట్ చూడటం నుంచి. మా కుర్రాళ్లలో వేగం కోసం తపించి సీలు, డీలు పోగేసుకునేవాళ్లకు ఈ లెక్క నల్లబల్ల మీద వేసి చూపించేవాణ్ణి. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టినా వినని మాట లెక్క చూస్తే వినేవాళ్లు.

మీకు ఇచ్చింది గ్లాక్ 17 అయితే పరిస్థితి వేరు. అది ప్రొడక్షన్ జాబితాలో ఉన్న పిస్టల్. 17 తూటాల మ్యాగజైన్‌లో 15 నింపుకుని, ఏ మార్పూ లేకుండా నిలబడొచ్చు. అయితే ఆ డివిజన్‌లో పైకి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో సీజెడ్ షాడో 2 లాంటి, సుమారు 1.3 కిలోల బరువున్న పిస్టళ్లు ఉంటాయి. బరువు ఎక్కువైతే ఎగిరిపాటు తగ్గుతుంది కదా. నడుముకు పెట్టుకుని రోజంతా బందోబస్తు చేయమంటే మాత్రం షాడో 2 ఎవరూ అడగరు.

డిపార్ట్‌మెంట్ పిస్టల్‌ను ఎందుకు ముట్టుకోకూడదు?

క్రమశిక్షణ సంగతి, మెమో సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అంతకంటే పెద్ద కారణం ఉంది. డ్యూటీలో ఎప్పుడైనా కాల్పులు జరిగి ప్రాణం పోతే, 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ అధికారి తన ఆయుధాన్ని ఫోరెన్సిక్, బాలిస్టిక్ పరీక్షకు అప్పగించాలి. అక్కడ ట్రిగ్గర్ బరువు తగ్గించినట్టు, సియర్ (హామర్‌ను పట్టి ఉంచే ముక్క) రుద్దినట్టు తేలితే, మీరు కావాలని కాల్చారా, చేయి తగిలి పేలిందా అనే చర్చకు మీరే తలుపు తీసినట్టు. ఆత్మరక్షణ కోసం కాల్చానని ఎంత నిజం చెప్పినా ఎదుటి లాయరు ఆ ట్రిగ్గర్‌నే పట్టుకుంటాడు.

చట్టం కూడా కఠినంగానే ఉంది. లైసెన్స్ లేకుండా ఆయుధాన్ని రిపేరు చేయడం, మార్చడం 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం కుదరదు. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠంగా జీవిత ఖైదు. "ఫలానా వీధిలో లేత్ మెషీన్ మీద బాగా చేస్తాడంట సార్" అని ఎవరైనా చెబితే, ఆ మాట చెప్పినవాడికి కూడా దూరంగా ఉండండి. మన జిల్లాల్లో నాటు తుపాకుల కేసులు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

సొంతంగా 9 ఎంఎం కొనుక్కుందాం అంటారా, అది మన దేశంలో నిషిద్ధ బోర్. మామూలు లైసెన్స్ మీద పిస్టల్ అంటే పాయింట్ 32 లాంటివే. పాయింట్ 32 పిస్టల్ ఆత్మరక్షణకు సరే, కానీ ఐపీఎస్సీలో కనీస తూటా 9 ఎంఎం కాబట్టి అది ఆ ఆటకు పనికిరాదు. ఇది తెలియక లైసెన్స్ తెచ్చుకుని, పిస్టల్ కొని, పోటీ కోసం మార్పులు చేయించాలని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

పిస్టల్‌తో ఇబ్బంది ఉంటే ఆర్మరర్‌కు రాసి ఇవ్వండి. ట్రిగ్గర్ గరుకుగా ఉండటం, ఫ్రంట్ సైట్ వదులైపోవడం, మ్యాగజైన్ స్ప్రింగ్ చచ్చిపోవడం వంటివి రిపేరు కిందకు వస్తాయి. రిపేరు మీ హక్కు. చాలామంది మార్పు కావాలని అడిగేది నిజానికి రిపేరే. ఒక ఆర్ఎస్సై తన పిస్టల్ మధ్యమధ్యలో తూటా సరిగా ఎక్కించడం లేదని, ఫీడ్ ర్యాంప్ (తూటా ఛాంబర్‌లోకి ఎక్కే వాలు) పాలిష్ చేయించాలని తిరిగేవాడు. చూస్తే రెండు మ్యాగజైన్లలో ఒకదాని పెదవులు వంగి ఉన్నాయి. ఆ మ్యాగజైన్ పక్కన పెట్టగానే రోగం పోయింది.

ఇంకొకరి పిస్టల్ గురించి కూడా చెప్పాలి. బయట ఎవరో ట్రిగ్గర్ 'స్మూత్' చేసిచ్చారు. మొబిలైజేషన్ ఫైరింగ్‌కు ముందు చెక్ చేస్తుంటే, స్లైడ్ వదిలిన ప్రతిసారీ హామర్ నిలవకుండా సగం దాకా జారిపోతోంది. ఇలాంటి పిస్టల్ ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే రెండు మూడు తూటాలు కూడా వదలగలదు. అంతర్జాతీయ పోటీలోనైనా దాన్ని అసురక్షితమని అక్కడికక్కడే పక్కన పెట్టేస్తారు. మా దగ్గర దాన్ని సీల్ చేసి పంపించాం. ఆ తర్వాత ఆ అధికారి విచారణలో పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

సొంత పిస్టల్ అయితే, విదేశంలో అయితే, ఏ మార్పులు విలువైనవి?

మీ బావమరిదికి చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను. నా వరుస ఇది.

మొదటిది సైట్లు. పాత సర్వీస్ సైట్లు సన్నగా, చిన్నగా ఉంటాయి. ఫ్రంట్ సైట్ స్పష్టంగా, వెనక గాడిలో రెండు పక్కలా వెలుతురు కనపడేలా ఉంటే చాలు. కన్ను త్వరగా పట్టుకుంటుంది. దాదాపు అన్ని డివిజన్లలోనూ ఇది ఒప్పుకునే మార్పే.

రెండోది పట్టు. మన ఎండల్లో చెయ్యి ఎంత చెమట పడుతుందో మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో మా బట్ (ఫైరింగ్ రేంజ్‌లో తూటాలు ఆపే మట్టికట్ట) దగ్గర పొద్దున తొమ్మిది దాటితే గ్రిప్ సబ్బులా జారేది. గరుకు టేప్, చేతికి సరిపడే గ్రిప్ ప్లేట్లు, వీటికి పెద్ద ఖర్చు లేదు. పిస్టల్ ప్రతి దెబ్బకూ చేతిలో తిరిగిపోయి మళ్లీ సర్దుకోవాల్సి వస్తుంటే రెండో తూటా ఎప్పుడూ ఆలస్యమే. చెయ్యి చిన్నగా ఉన్నవాళ్లకు, మా మహిళా కానిస్టేబుళ్లలో చాలామందికి, హై పవర్ బాగా అమరేది. ట్రిగ్గర్ దగ్గరగా ఉంటుంది, గ్రిప్ సన్నగా ఉంటుంది. దాన్ని కొట్టలేకపోయినవాళ్లు ఎక్కువగా అరచేయి పెద్దగా ఉన్న మగవాళ్లే. వాళ్లకు హామర్ బొటనవేలి పక్కన చర్మాన్ని కొరికేది.

మూడోది మ్యాగజైన్లు, వాటి పౌచ్‌లు. దీని గురించి ఎవరూ అడగరు. పరుగెత్తుతూ మ్యాగజైన్ మార్చడం ఈ ఆటలో పెద్ద భాగం. ఒకేలా పనిచేసే నాలుగైదు మంచి మ్యాగజైన్లు, ఒకే ఎత్తులో అమర్చిన పౌచ్‌లు ఉంటే సగం పని అయిపోయినట్టే. ప్రతి మ్యాగజైన్‌కు నంబరు వేసుకోండి. ఏది ఇబ్బంది పెడుతోందో తెలుస్తుంది.

ట్రిగ్గర్ నాలుగోది. అదీ లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గర, డివిజన్ బరువు హద్దుకు పైన కాస్త వదిలిపెట్టి. హై పవర్‌లో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే అమరిక ఒకటి ఉంటుంది. ఆ రాపిడి వల్లే దాని ట్రిగ్గర్ అంత బరువుగా, ఇసుకలో లాగినట్టు ఉంటుంది. విదేశాల్లో హై పవర్‌తో ఆడేవాళ్లు చాలామంది ముందు దాన్నే తీయిస్తారు. సర్వీస్ పిస్టల్‌లో అది సేఫ్టీ అమరిక, తీయకూడదు.

ఆ అమరిక ఉన్న పిస్టల్‌తో పోటీకి దిగేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. స్టేజి అయిపోయాక రేంజ్ ఆఫీసర్ పిస్టల్ ఖాళీ చేసి చూపించమంటారు. ఛాంబర్ ఖాళీ అని చూశాక హామర్ దించమంటారు. మ్యాగజైన్ లేకుండా మీ పిస్టల్ హామర్ దిగదు. అలాంటప్పుడు ముందే ఆఫీసర్‌కు చెప్పాలి. ఆయన కళ్ల ముందే ఖాళీ మ్యాగజైన్ పెట్టి, హామర్ దించి, మళ్లీ మ్యాగజైన్ తీసేయాలి. రూల్ బుక్‌లోనే ఈ పద్ధతి రాసి ఉంది.

బ్యారెల్, స్లైడ్ బిగుతుగా ఫిట్ చేయించడం నేనైతే వద్దంటాను. సర్వీస్ పిస్టల్‌ను ఊపితే కొంచెం గలగలమంటుంది. అది లోపం కాదు, దుమ్ము పడినా తిరగాలని వదిలిన సందు. మన అనంతపురం ఎర్రదుమ్ము నూనె రాసిన స్లైడ్ మీద అరగంటలో పేస్టులా పేరుకుంటుంది. కర్నూలు నల్లరేగడిలో వానపడ్డాక మ్యాగజైన్ కింద పడితే లోపలి దాకా బంకమట్టి. పోటీలో మ్యాగజైన్లు కింద పడకుండా ఉండవు. బిగుతైన పిస్టల్ ఏసీ రేంజ్‌లో బాగుంటుంది. ఆరుబయట మట్టిలో ఆడేవాళ్లు నూనె తక్కువ రాసి, ప్రతి స్టేజికీ మధ్య మ్యాగజైన్ బ్రష్‌తో తుడుచుకోవాలి.

రికాయిల్ స్ప్రింగ్ మార్చి ఎగిరిపాటు తగ్గించుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. తేడా ఉంటుంది, కానీ చిన్నది. తూటా మారితే మళ్లీ స్ప్రింగ్ మార్చాలి. కొత్తవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

అమెరికా గురించి ఒక ముఖ్యమైన మాట. అక్కడ ఈ ఆట నడిపే యూఎస్‌పీఎస్‌ఏ ఐపీఎస్సీకి అమెరికా శాఖే అయినా రూల్ బుక్ వేరు, డివిజన్ల పేర్లు, హద్దులు కొన్ని వేరు. పైన నేను చెప్పిన అంకెలు ఐపీఎస్సీవి. రెండిట్లోనూ రూల్స్ మారుతుంటాయి కాబట్టి తాజా పుస్తకం చూసుకోవాలి. ఇక మీరు సెలవులో వెళ్లి దిగడం సంగతి. టూరిస్ట్ వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి, తూటాలు దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. హంటింగ్ లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఏ మినహాయింపు మీకు వర్తిస్తుందో అక్కడి లాయరును అడిగి, కాగితం చేతిలో పెట్టుకున్నాకే పిస్టల్ పట్టుకోండి. బావమరిది "ఏం కాదు బావా, రా" అన్నాడని పోవద్దు. అతను ఏ వీసా మీద ఉన్నాడో కూడా ఒకసారి అడగండి.

ఇక్కడ ఉంటూ ఏం చేయొచ్చు?

మీ చేతిలో ఉన్న పిస్టల్‌ను అలాగే ఉంచి, ఈ ఆట నేర్పే విద్య మొత్తం నేర్చుకోవచ్చు. ఎస్పీ గారి అనుమతితో, ఆర్ఐ ద్వారా రేంజ్ అడగండి. తూటాల కేటాయింపు తక్కువ, ఖాళీ కేసులు లెక్క చూపించాలి, అన్నీ నిజమే. కాబట్టి ఎక్కువ సాధన తూటా లేకుండానే జరగాలి.

డ్రై ప్రాక్టీస్‌కు నా షరతులు కఠినం. గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు, తూటాలున్న మ్యాగజైన్లు వేరే గదిలో తాళం వేసి ఉండాలి. హై పవర్‌తో ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. ముందు చెప్పినట్టు మ్యాగజైన్ పెడితే గాని ట్రిగ్గర్ కదలదు, కాబట్టి సాధన చేసే ప్రతిసారీ మ్యాగజైన్ చేతిలోకి వస్తుంది. ఏదో ఒక రాత్రి అలసిపోయి ఉన్నప్పుడు నిండు మ్యాగజైన్ చేతికి తగలడం ఎంతసేపు? నేను సాధన మ్యాగజైన్ అడుగున ఎర్ర టేప్ చుట్టించేవాణ్ణి. ఎర్ర టేప్ లేని మ్యాగజైన్ సాధన గదిలోకి రాకూడదు. ఎదురుగా ఉండే గోడకు అవతల ఎవరూ పడుకోకూడదు. ఇంట్లో పిల్లలు తిరుగుతున్నప్పుడు అసలు మొదలుపెట్టొద్దు.

ఏం సాధన చేయాలి? హోల్‌స్టర్ నుంచి తీయడం, రెండో చెయ్యి ఎక్కడ కలుస్తుందో ప్రతిసారీ ఒకేలా చేయడం, సైట్ కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం, మ్యాగజైన్ మార్చడం. ఫ్లాప్ ఉన్న తోలు హోల్‌స్టర్, లాన్‌యార్డ్ (పిస్టల్‌కు కట్టే తాడు) వేగానికి అడ్డే. కానీ డ్యూటీలో మీకు ఉండేది అదే కాబట్టి దానితోనే చేయండి. మొదటి తూటాకు అర సెకను ఆలస్యమైనా ఫరవాలేదు.

రేంజ్‌లో ఉన్న కొద్ది తూటాలతో చేయాల్సిన మంచి పరీక్ష ఒకటుంది. మీ మ్యాగజైన్ వేరే వాళ్లతో నింపించండి, మధ్యలో ఎక్కడో ఒక డమ్మీ రౌండు (పేలని తూటా) కలపమనండి. డమ్మీ వచ్చినప్పుడు పిస్టల్ మూతి కిందికి కుంగితే మీ గురి తప్పడానికి కారణం తెలిసిపోతుంది. సైట్ తప్పు, ట్రిగ్గర్ బరువు అని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఈ పరీక్షలో మూతి కుంగింది. పేలుడు వస్తుందని చెయ్యి ముందే భయపడుతుంది, అంతే. ఆ జబ్బుకు గన్‌స్మిత్ దగ్గర మందు లేదు.

కదలికలో వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట ఉండటం, మూతి ఎప్పుడూ బట్ వైపే ఉండటం కూడా ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. ఐపీఎస్సీలో కదులుతున్నప్పుడో, మ్యాగజైన్ మారుస్తున్నప్పుడో వేలు గార్డ్ లోపల కనపడితే, మూతి బట్‌కు నేరుగా ఉండే దిశ నుంచి ఏ పక్కకైనా 90 డిగ్రీలు దాటితే, పిస్టల్ చేతిలోంచి జారి పడితే, ఆ రోజు మీ ఆట అక్కడితో సరి. ఎంత పెద్ద షూటరైనా సామాను సర్దుకోవాల్సిందే. మా వాళ్లు పరుగెత్తి రివర్స్‌లో రావాల్సిన డ్రిల్‌లో కుడిచేతివాళ్లు ఎడమకు కదిలేటప్పుడు మూతి హద్దు దాటేది ఎక్కువ. ఖాళీ పిస్టల్‌తో నడిచి చూడండి, మీకే కనపడుతుంది.

పోటీ కావాలంటే డిపార్ట్‌మెంట్‌లోనే దారి ఉంది. ఆల్ ఇండియా పోలీస్ స్థాయిలో పిస్టల్ పోటీలు జరుగుతాయి, రాష్ట్ర జట్టులో చోటు కోసం ప్రయత్నించండి. ఎన్ఆర్ఏఐ (జాతీయ రైఫిల్ సంఘం) దారిలో వెళ్లాలనుకుంటే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ ఉంది. అందులో క్యాలిబర్ 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు, ట్రిగ్గర్ కనీసం ఒక కిలో. మొత్తం 60 తూటాలు. సగం తీరిగ్గా కొట్టాలి, మిగతా సగం టార్గెట్ మూడు సెకన్లు కనపడి ఏడు సెకన్లు మాయమయ్యే పద్ధతిలో. ఆ మూడు సెకన్ల భాగం ప్రాక్టికల్ షూటింగ్‌కు చాలా దగ్గరి చుట్టం. అక్కడ సర్వీస్ పిస్టల్‌తో కాకుండా జట్టుకు ఉండే స్పోర్ట్స్ పిస్టల్‌తో దిగాలి. మన సైన్యం నుంచి వచ్చిన విజయ్ కుమార్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చింది కూడా 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లోనే.

ముందు మీ పిస్టల్ ట్రిగ్గర్ ఎంత బరువు ఉందో ఆర్మరర్ దగ్గర కొలిపించి, ఏ మోడలో, డమ్మీ రౌండు పరీక్షలో ఏం జరిగిందో కింద రాయండి. కొలత, పరీక్ష రెండూ చూశాక ఆర్మరర్‌కు ఇచ్చే రిపేరు కాగితంలో ఏం రాయాలో చెబుతాను.